పాత కారుకు కొత్త అస్తరు

మోటారు కారు సగం యంత్రం, సగం గది. ఒక భాగంలో ఇంజను పని చేస్తుంది. మరొక భాగంలో మనిషి కూర్చుంటాడు. ఇంజనును గూర్చి వ్రాసిన గ్రంథాలు గ్రంథాలయాలలో అల్మారాల నిండా ఉన్నవి. మనిషి కూర్చొనే గదిని గూర్చి, అనగా దాని ఆసనాలు, పైకప్పు గుడ్డ, నేలపై పరచిన తివాచీ, డ్రైవరు ఎదుటి పలక, తలుపుల లోపలి అస్తరు మున్నగువాటిని గూర్చి మన భాషలో వ్రాసినవారు అరుదు. ఆ గదిని తీర్చిదిద్దే చేతులు మన ప్రాంతంలో చాలావరకు మన ఇండ్లలోని చేతులే. అందువలన ఈ వార్షిక సంచికలో ఆ విషయాన్ని చర్చకు పెట్టడం ఉచితమని మేము భావించాము.

ప్రశ్న ఇది. ఒక పాత కారును మళ్ళీ బాగుచేయించునప్పుడు దాని లోపలి భాగాన్ని పూర్వమున్నట్లే పునరుద్ధరించాలా, లేక నేటి సౌఖ్యానికి తగినట్లు మార్చివేయాలా? మా అభిప్రాయాన్ని దాపరికం లేకుండా ముందే చెబుతాము. ఉన్నదానిని నిలుపుకొనడం మొదటి ధర్మం. చెడినదానిని ఆనాటి పద్ధతిలోనే బాగుచేయడం రెండవది. మార్పు అనేది ప్రాణరక్షణకు అవసరమైనంత మేరకే, అదియును మళ్ళీ తీసివేయడానికి వీలైన రీతిలో జరగాలి. ఈ మూడింటికీ ఆధారం పనివాని విద్య. ఆ విద్యను మనం చులకన చేసినంత కాలం ఏ చట్టమూ, ఏ వస్తు ప్రదర్శనశాలా పాత కార్లను కాపాడజాలదు.

ఏది పాత కారు?

పాశ్చాత్య దేశాల మోటారు క్లబ్బుల వాడుకలో 'వింటేజ్' అను మాట 1919 నుండి 1930 వరకు తయారైన కార్లకు చెల్లుతుంది. మన దేశంలో చట్టం వేరొక కొలత పెట్టింది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహన నియమాలకు వచ్చిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి 50 సంవత్సరాలు దాటి, మొదటి రూపంలోనే ఉండి, ఛాసీలో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు పొందని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తిస్తారు. వాటి నంబరు పలకపై 'వీఏ' అను అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరాలు. తరువాతి రిజిస్ట్రేషనుకు 5,000 రూపాయలు. అట్టి వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకొనడానికి, మరమ్మతుకు తీసుకొనిపోవచ్చును గాని, నిత్య వాడుకకు గాని, కిరాయికి గాని తిప్పరాదు.

ఈ కొలత వలన ఒక వింత జరిగింది. మహారాజుల వాకిళ్ళలో మాత్రమే ఉంటుందనుకొన్న వింటేజ్ కారు మన వీధిలోకి వచ్చింది. 1970ల తొలినాళ్ళ అంబాసిడర్ కారు ఇప్పుడు ఆ గౌరవానికి అర్హమైనది. బొంబాయిలో తయారైన ఫియట్ 1100 అర్హమైనది. 1961 నుండి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ అర్హమైనది. అంతకు ముందటి తరంలో, 1948లో స్థాపితమైన అశోక్ మోటార్స్ సంస్థ మద్రాసు సమీపాన ఎన్నూరులో ఆస్టిన్ ఎ-40 కార్లను కూర్చింది. ఆ సంస్థయే 1955లో అశోక్ లేలాండ్ అయినది. తిరుపతి, చిత్తూరు పట్టణాలు మద్రాసుకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్నవి. 1944లో తిరుమల కనుమదారి తెరచిన తరువాత కొండ మీదికి కూడా మోటారు వాహనాలు ఎక్కసాగినవి. కనుక మన ప్రాంతానికి కార్లతో పరిచయం నిన్నమొన్నటిది కాదు. బెల్లం మండీ వ్యాపారి కొట్టం వెనుకనో, పల్లెటూరి పెద్దరైతు ఇంటి వేపచెట్టు కిందనో గోనెపట్టలు కప్పుకొని నిలిచిన పాత కారు నేటికీ కనబడుతుంది.

కాని ఆ కారు 50వ ఏడు చూడడం సులభం కాదు. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలకు తీరిపోతుంది; ఆపైన ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకొనవలసి ఉంటుంది. వింటేజ్ నియమాలు వచ్చిన 2021లోనే పాత వాహనాలను తుక్కుగా మార్చే విధానాన్ని కూడా ప్రభుత్వం ప్రకటించింది. అనగా 15వ ఏటి నుండి 50వ ఏటి వరకు 35 సంవత్సరాలు ఆ కారును ఎవరో ఒకరు ప్రేమతోనో, మొండితనంతోనో కాపాడాలి. ఆ కాలంలోనే దాని లోపలి భాగానికి అత్యధికమైన హాని జరుగుతున్నదని మా పరిశీలన. ఇంజను చెడితే కారు నడవదు కనుక యజమాని ఇంజనును ఎట్లో బాగుచేయిస్తాడు. ఆసనం చిరిగినా కారు నడుస్తుంది. అందుచేత చిరిగిన ఆసనాన్ని పీకి తుక్కుకు వేసి, వేరొక కారు సీట్లు తెచ్చి బిగించడం ఆనవాయితీ అయినది.

గుర్తింపు లోపలనే ఉన్నది

లోపలి భాగం పోతే ఏమి పోతుంది? ఈ ప్రశ్నకు సమాధానం హైదరాబాదులో ఉన్నది. చౌమహల్లా ప్రాసాదంలో ప్రదర్శనకు ఉంచిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును మన విద్యార్థులలో కొందరైనా చూచియుంటారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో దానిని తయారు చేయించడానికి పురమాయించారు. ఆయన 1911లో కాలధర్మం చెందగా అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చినది. దాని బాడీని లండన్‌లోని బార్కర్ కంపెనీ నిర్మించింది. ఉత్సవాలకు, ఊరేగింపులకు ఉద్దేశించిన ఆ కారు వెనుక భాగంలో మిగిలిన ఆసనాలకన్న ఎత్తుగా సింహాసనం వంటి ఆసనం ఒకటి అమర్చబడి ఉన్నది. అందుచేతనే దానికి సింహాసన కారు అని పేరు వచ్చినది. అది రోడ్డుపై తిరిగినది చాలా కొద్ది. దీర్ఘకాలం మూలపడి ఉండి, చౌమహల్లా పునరుద్ధరణ జరిగిన రోజులలో అదియును మళ్ళీ వెలుగు చూచినది. ఆ ప్రాసాద పరిరక్షణకు 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించినది.

ఇక్కడ గమనింపదగినది ఒకటి ఉన్నది. రోల్స్‌రాయిస్ కంపెనీ 1926 వరకు ఏడు వేలకు పైగా సిల్వర్ ఘోస్ట్ కార్లను తయారు చేసింది. వాటన్నింటికీ వంశం ఒకటే. ఇంజను, ఛాసీ ఆ జాతికి చెందినవే. ఆ వేల కార్లలో ఇది నిజాం కారు అని చెప్పేది దాని అంతర్భాగం. ఆ సింహాసనాన్ని తీసివేసి మెత్తని సోఫాను పెట్టియుంటే, మిగిలేది ఖరీదైన పాత కారు మాత్రమే. దక్కను చరిత్రలో ఒక పుట అందులోనుండి చిరిగిపోయేది.

సామాన్యుని కారుకు కూడా ఈ న్యాయమే వర్తిస్తుంది. పాత అంబాసిడర్‌లో ముందువైపు కూడ అడ్డంగా ఒకటే పొడుగాటి సీటు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే. అందువలన డ్రైవరు పక్కన ఇద్దరు, ఒడిలో ఒక బిడ్డ, వెనుక ఎందరు పడితే అందరు కూర్చొని పెండ్లిండ్లకు, ఉరుసులకు, కొండకు పోయేవారు. ఉమ్మడి కుటుంబం ఎట్లు ప్రయాణించినదో ఆ సీటు చెబుతుంది. దానిని తీసి రెండు విడి సీట్లు బిగించిన నాడు ఆ కథ చెప్పేవారుండరు. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయినది. కనుక పోగొట్టుకొన్న సీటును కంపెనీనుండి మళ్ళీ తెచ్చుకొనే అవకాశం లేదు.

ఒక ఆసనాన్ని విప్పి చూచిన

పునరుద్ధరణ అనగా రంగు వేసి, కొత్త కవరు తొడగడమని పెక్కుమంది అనుకొంటారు. ఒక పాత ఆసనాన్ని విప్పి చూచిన, ఎన్ని విద్యలు అందులో కలిసి ఉన్నవో తెలుస్తుంది. అడుగున ఇనుప చట్రం. దానిపై వరుసగా చుట్ట స్ప్రింగులు, ఒకదానితో ఒకటి కదలకుండ తీగతోనో, పురి తాడుతోనో కట్టబడి ఉంటాయి. స్ప్రింగుల మీద గోనెపట్ట. గోనెపట్ట మీద గుర్రపు వెంట్రుకల మెత్తగాని, కొబ్బరి పీచు గాని. దానిపై దూది పొర. అన్నింటికీ పైన తోలో, గుడ్డో, రెక్సినో. రబ్బరు నురుగు పరుపు 1929లో డన్‌లప్ కంపెనీ కనిపెట్టిన తరువాత మెల్లమెల్లగా వ్యాపించినది. అంతకు ముందు మనిషి బరువును మోసినవి స్ప్రింగులు, పీచు, దూది.

నేర్పుగల పనివాడు ఈ పొరలను ఒక్కొక్కటిగా, పై నుండి కిందికి విప్పుతాడు. విప్పునప్పుడే ఏది దేని కింద ఉన్నదో గుర్తు పెట్టుకొంటాడు. పాత కవరును పారవేయడు. కుట్లు విప్పి, ముక్కలను నేలపై పరచి, వాటినే కొత్త కవరుకు నమూనాగా వాడుకొంటాడు. తోలు తీసుకొనునప్పుడు వెన్ను భాగాన్ని కూర్చొనే చోటికి, సాగిపోయే పొట్ట భాగాన్ని కంటికి కనబడని పక్కలకు వాడతాడు. మడతకు మడతకు మధ్య ఎడం ఒకే తీరుగా ఉండాలి. అంచున త్రాడు పెట్టి కుట్టే పైపింగు వంకర పోరాదు. స్ప్రింగులను బిగువుగా కడితే కూర్చున్నవానికి ఎముకలు నొచ్చును. వదులుగా కడితే నెల తిరుగకుండ సీటు గుంట పడును. ఈ బిగువు ఎంత అనేది ఏ పుస్తకంలోనూ లేదు. అది అరచేతికి తెలుస్తుంది.

ఆసనం ఒక భాగం మాత్రమే. లోపలి పని ఎప్పుడూ నేలనుండి మొదలు కావాలి. తివాచీ కింద చేరిన వాననీరు ఇనుప రేకును తింటుంది. ఆ తుప్పును టింకరు పని చేసేవారు శుభ్రం చేసి, చెడిన మేరకు కోసి అతుకు వేయకముందే కొత్త తివాచీ పరచినవాడు పుండు మీద పట్టుగుడ్డ కప్పినవాడు. తరువాత పైకప్పు. పూర్వపు కార్లలో లోకప్పుకు బనాతు గుడ్డను అడ్డ కడ్డీల ఆధారంతో, ఒక్క ముడుత లేకుండ లాగి కట్టేవారు. తరువాత డ్రైవరు ఎదుటి పలక. అది కొయ్యదైనచో పాత పూతను మెల్లగా తీసి మళ్ళీ మెరుగు పెట్టాలి. అందులోని గడియారం, వేగమాపకం వంటివానిని తుడిచి, బాగుచేసి, అక్కడనే ఉంచాలి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన తిరుపతి ఎండకు తోలు నూనె ఇంకి బీటలు తీస్తుంది. రెక్సిను పెళుసై విరుగుతుంది. రబ్బరు అంచులు రాయి అవుతాయి. చలిదేశాల పుస్తకాలలోని ఉపాయాలు ఇక్కడ అన్నివేళలా పనికిరావు. ఈ ఎండను ఎరిగిన పనివాని మాటే ఇక్కడ ప్రమాణం.

మాటలే సాక్ష్యం

ఈ పని ఎవరిది? చరిత్ర గ్రంథాలను వెదకక ముందు మాటలను అడుగుదాము. మరమ్మతు అను మాట అరబ్బీ నుండి వచ్చి తెలుగైనది. అస్తరు, జీను, దర్జీ అనునవి ఫారసీ నుండి వచ్చి తెలుగైనవి. కుర్చీ కూడా అరబ్బీ మూలం కలదే. బనాతు, మఖమలు, రఫూ, నమూనా, కారీగరు, ఉస్తాదు అను మాటలను చిత్తూరు అంగడివీధిలో తెలుగువారు, ఉర్దూవారు ఒకే రీతిగా వాడతారు. తోలు, దూది, పీచు, చట్రం, కుట్టు అనునవి తెలుగువారివి. వాటిని ఉర్దూ మాట్లాడే పనివారు కూడ నాలుకపై పెట్టుకొన్నారు. కార్లు రాకముందు జట్కాబండి మెత్తను, గుర్రపు జీనును కుట్టిన చేతులే తరువాత కారు సీటును కుట్టినవి. మద్రాసులో సింప్సన్ కంపెనీ 1840లో గుర్రపు బండ్ల నిర్మాణంతో ప్రారంభమై, తరువాతి కాలంలో మోటారు రంగంలోకి వచ్చిన సంగతి ఈ మార్పుకు పెద్ద ఉదాహరణ. చిన్న ఉదాహరణలు మన ప్రతి పట్టణంలోనూ కలవు.

దూది ఏకి పరుపులు, దిండ్లు కుట్టడంలో తరతరాల నేర్పు గల దూదేకుల, నూర్ బాషా సోదరులు రాయలసీమ అంతటా ఉన్నారు. తోలు సంగతి చూడండి. 1911 ఏప్రిల్ వరకు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. అదే జిల్లాలోని ఆంబూరు, రాణిపేట ప్రాంతాలు నేడు తమిళనాడులో ఉండి తోలు పరిశ్రమకు ప్రసిద్ధి చెందినవి. ఆ పరిశ్రమలో ముస్లిం వర్తకుల, పనివారల పాత్ర గొప్పది. మన కొండవాలులలో పసుపుపచ్చగా పూచే తంగేడు చెట్టు బెరడుతో తోలును ఊనబెట్టి, కరక్కాయతో మెరుగు పెట్టిన సరుకు ఆనాడు మద్రాసు రేవు నుండి విదేశాలకు పోయినది. అదే కరక్కాయతో శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డను సిద్ధం చేసుకొంటారు. ఒక కాయ రెండు విద్యలకు పనికివచ్చినది. తోలు పరిశ్రమను పొగడునప్పుడు ఒక నిజాన్ని దాచరాదు. రసాయనాల వాడుక పెరిగిన తరువాత పాలారు నదికి కలిగిన హాని అపారమైనది. 1996లో సుప్రీంకోర్టు ఈ విషయమై తీర్పు చెప్పవలసి వచ్చినది. కనుక బెరడుతో ఊనిన తోలును గూర్చి మళ్ళీ ఆలోచించడం పాత కారుకే గాక నదికి కూడ మేలు.

ఇట్లు ఒక్క కారు సీటులో దర్జీ, వడ్రంగి, తోలుపనివాడు, దూదేకువాడు, కమ్మరి కలిసి ఉన్నారు. హిందువులు, ముస్లింలు కలిసి ఉన్నారు. అయినను ఈ పనివానికి పేరు లేదు. 2023 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో 18 వృత్తులను పేర్కొన్నారు. ఆ జాబితాలో దర్జీ ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, చెప్పులు కుట్టేవాడు ఉన్నాడు, పీచు పని చేసేవాడు ఉన్నాడు. ఈ పనులన్నింటినీ ఒక్క చేతితో చేసే కారు సీటు పనివాడు మాత్రం తన పేరుతో అందులో కనబడడు. 'కుషన్ వర్క్స్' అను చిన్న బోర్డు కింద, రోడ్డు పక్కన, దుమ్ములో కూర్చొని అతడు పని చేస్తున్నాడు.

ఎంతవరకు మార్చవచ్చును?

మార్పును మేము పూర్తిగా కాదనుటలేదు. పాత కారులో కొన్ని వస్తువులు ఆనాడు తెలియక వాడినవి. నేడు తెలిసికూడ వాటిని ఉంచడం అవివేకం. విద్యుత్ తీగలపై చుట్టిన నూలు, రబ్బరు తొడుగులు కాలక్రమాన ఎండి రాలిపోయి మంటలకు కారణమవుతాయి; వాటిని మార్చి తీరవలెను. తొలినాటి రెక్సిను పూతలో నైట్రోసెల్యులోజ్ ఉండేది. అది నిప్పుకు వెంటనే అంటుకొనే పదార్థం. అట్టి కవరు మీద కూర్చొని సిగరెట్టు కాల్చువానికి హితం చెప్పవలసిన పని లేదు. ఆనాటి కార్లలో భద్రతా పట్టీలు లేవు. నేలరేకుకు అడుగున బలమైన ఇనుప పలక పెట్టి, పట్టీని బిగించడం చేయదగిన మార్పు. పాత సీటుకు హాని లేకుండా అది చేయవచ్చును.

ఇక సౌఖ్యం కొరకు, సోకు కొరకు చేసే మార్పుల సంగతి వేరు. పాత ఆంగ్ల కార్లలో పెక్కింటికి బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. నేటి పరికరాలకు రుణ ధ్రువం కలపాలి. 1950ల నడుమ వరకు వచ్చిన అనేక అమెరికను కార్లు 6 వోల్టుల విద్యుత్తుతో నడిచేవి. నేటి పరికరాలకు 12 వోల్టులు కావలెను. ఈ తేడా తెలియక పాటల పెట్టెను బిగించినవాడు పెట్టెను, తీగలను రెండింటినీ కాల్చుకొంటాడు. పాటల పెట్టె పెట్టడానికి ఎదుటి పలకను రంపంతో కోసినచో ఆ పలక తిరిగి రాదు. పెట్టెను సీటు కింద దాచినచో పాటా వినబడును, పలకా నిలుచును. మార్పు చేయడంలో వివేకమంటే ఇదే. రంధ్రం చేయని మార్పు మంచిది. రంధ్రం చేసిన మార్పు శాశ్వతం.

ప్రపంచంలో ఆలోచనాపరులు ఇదే నిర్ణయానికి వచ్చారు. పురాతన కట్టడాల పరిరక్షణకు 1964లో వెనిస్ నగరంలో ఒక ఒడంబడిక ఏర్పడినది. దాని అడుగుజాడలలో అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య 2012లో ట్యూరిన్ నగరంలో వాహనాలకు ఒక ఒడంబడికను ఆమోదించింది. ఉన్నదానిని నిలుపుకొనడానికి అందులో ముందు చోటు. చేసిన ప్రతి పనిని వ్రాసి భద్రపరచాలనియు, తప్పనిసరి మార్పులు తరువాత తొలగించడానికి వీలుగా ఉండాలనియు దాని సారాంశం. మన చట్టం కూడ ఆ దారినే ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని చెబుతుంది. ఎందరు కూర్చొనవచ్చునో ఆ సంఖ్య కూడ పత్రంలోని వివరమే. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షనును గట్టిగా సమర్థించినది. మన షరియత్ పరిభాషలో చెప్పవలెనన్న, పూర్వుల వస్తువు మన చేతిలో అమానతు. అమానతు రూపు చెరుపరాదు.

రెండు ఆక్షేపణలు

ఇందుకు రెండు ఆక్షేపణలు వినవస్తున్నవి. మొదటిది: పేదలున్న దేశంలో ధనికుల పాత కార్లకు ఇంత విచారమెందుకు? ఈ ఆక్షేపణలో న్యాయం లేకపోలేదు. కారు యజమాని ధనికుడే కావచ్చును. కాని యజమాని కొత్త కారు కొన్నచో ఆ డబ్బు దూరానగల కర్మాగారానికి పోతుంది. పాత కారును బాగుచేయించినచో ఆ డబ్బులో పెద్దభాగం మన వీధిలోని టింకరుకు, సీటు కుట్టేవానికి, రంగులవానికి, వడ్రంగికి చేరుతుంది. పునరుద్ధరణలో సామాను ఖర్చుకన్న చేతిపని ఖర్చు ఎక్కువ. పేదవాని పక్షాన ఆలోచించేవారు దీనిని కాదనజాలరు.

రెండవది: కారు యజమానిది, అతని సొత్తును అతని ఇష్టం వచ్చినట్లు మార్చుకొనే హక్కు లేదా? హక్కు ఉన్నది. తాతలనాటి ఇంటిని కూల్చి వేరొకటి కట్టుకొనే హక్కు కూడ ఉన్నది. హక్కు ఉన్న ప్రతి పనీ మంచి పని కాదు. ఇక్కడ మేము నింద వేయదలచుకొన్నది యజమాని మీద కాదు. అతడు పనివానిని అడిగినప్పుడు "ఇది బాగవుతుంది, నేను చేస్తాను" అని చెప్పగల పనివాడు లభించకపోవడమే అసలు కారణం. స్ప్రింగులు కట్టడం తెలిసిన ఉస్తాదుకు అరవై ఏండ్లు దాటినవి. అతని కుమారుడు అంగడిలో తయారై వచ్చే కవర్లను తొడగడం మాత్రమే నేర్చినాడు. మనుమడు ఆ దుకాణం తమదని తోటి విద్యార్థులకు చెప్పుకొనడానికి సంకోచిస్తున్నాడు. ఆ మనుమడు మన తరగతి గదులలోనే ఉన్నాడు.

విద్యార్థులకు, పాలకవర్గానికి మనవి

ఆ సంకోచానికి కారణం లేదని చెప్పడం మా విధి. దైవప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం తమ పాదరక్షలను తామే కుట్టుకొనేవారని, తమ వస్త్రాలకు తామే అతుకు వేసుకొనేవారని హదీసులు తెలుపుచున్నవి. దావూదు అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేసినారు. మన హిందూ సోదరులు పనిముట్లకు ఆయుధపూజ చేస్తారు. ఇన్ని విధాల గౌరవం పొందిన చేతిపనిని కళాశాల మెట్లెక్కిన మనం చిన్నచూపు చూడడం ఏ ధర్మమూ ఒప్పదు. పట్టా పుచ్చుకొన్న యువకుడు దుకాణంలో కూర్చొనాలని మేము అనడం లేదు. అతడు ఉపాధ్యాయుడు కావచ్చు, న్యాయవాది కావచ్చు, ఇంజనీరు కావచ్చు. తన ఇంటి విద్య విలువ ఎరుగని ఇంజనీరు సగం ఇంజనీరని మాత్రం చెప్పగలము.

పాలకవర్గానికి మా సూచనలు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. తిరుపతి, చిత్తూరు పట్టణాలలో ఈ పనులు చేసే ఉస్తాదుల పట్టికను సెలవులలో విద్యార్థులచేత తయారు చేయించవచ్చును. వారి అనుమతితో వారి పనితీరును వ్రాసి, చిత్రాలు తీయించి గ్రంథాలయంలో భద్రపరచవచ్చును. మన కళాశాలలో ఉర్దూ, తెలుగు శాఖలు రెండూ ఉన్నవి. అవి కలిసి ఈ వృత్తుల మాటలతో చిన్న పదకోశం కూర్చవచ్చును. మరమ్మతు, అస్తరు, బనాతు వంటి మాటలు ఏ శాఖకు చెందినవో తేల్చుకొనలేక ఇరు శాఖలవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చొనవలసి వస్తుంది. అదియే ఒక లాభం. వార్షికోత్సవం నాడు ఒక ఉస్తాదును వేదికపైకి పిలిచి, తుక్కు అంగడిలో కొన్న పాత సీటును మన ఎదుట విప్పి మళ్ళీ కట్టమని కోరవచ్చును. అతనికి శాలువతోపాటు ఆ రోజు కూలి కూడ ఇవ్వడం మరువరాదు. ఆ పనివానికి అధికారపు జాబితాలలో పేరు కల్పించమని కోరుతూ ఒక వినతిపత్రం పంపడం కూడ పాలకవర్గం చేయదగిన పని.

2022 ఏప్రిల్‌లో పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరు జిల్లా అయినది. సరిహద్దులు మారినను తోలు, దూది, పీచు ఎరిగిన చేతులు రెండు వైపులా ఉన్నవి. నేడు మనం కారులలో చూస్తున్న యంత్రం రేపు మారిపోవచ్చును. పెట్రోలు పోయి విద్యుత్తు రావచ్చును. మనిషి కూర్చొనడం మాత్రం మారదు. కూర్చొనే చోటును చక్కగా అమర్చగల విద్య ఎన్నటికీ అక్కరకు వచ్చేదే. ఈ సంచిక చదివిన విద్యార్థులలో ఒక్కరైనా ఈ సెలవులలో తమ తాతగారి దుకాణంలో కూర్చొని, స్ప్రింగు కట్టే ముడి ఎట్లు వేస్తారో అడిగి తెలుసుకొని, పుస్తకంలో వ్రాసిపెట్టుకొందురుగాక.